డాక్టర్ మేబ్రీ రాసిన రెండు ఉత్తరాలు

జెరూషా పద్నాలుగు మెడికల్ కాలేజీల పేర్లు రాసుకుంది. డాక్టర్ మేబ్రీ అందులో పదకొండు కొట్టేశాడు.

అది మా వంటింటి బల్ల దగ్గరే జరిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక భోజనానికి పిలిచాం. వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె, ఆకుకూర. నా భార్య విలోడీన్ పోయాక ఆ వంటలు నేనే నేర్చుకున్నాను. ఆమె చేసినట్టు రావు. మేబ్రీ అయినా మారు వడ్డించుకుని, చెయ్యి తుడుచుకుని, మా అమ్మాయి చేతిలోంచి కాగితం తీసుకున్నాడు.

"బాస్టన్‌లో నిన్నెవరు ఎరుగుదురమ్మా?" అని ఒకటి కొట్టేశాడు. "ఇది చలి. నువ్వు వారంలో తిరిగొస్తావు." ఇంకోటి. "ఇక్కడ ఏడాదికి మనవాళ్ళని నలుగుర్ని తీసుకుంటారు. గ్రూప్ ఫోటోకి సరిపోతారు కదా." ఇంకోటి.

"ఇది మీరు చదివిన కాలేజీ కదా డాక్టరుగారూ?" అంది జెరూషా.

"అందుకే వద్దంటున్నాను. దేశంలో ఉన్న నల్లపిల్లలంతా అక్కడికే అర్జీ పెడతారు. గుంపులో నువ్వెక్కడ కనపడతావు?"

చివరికి మూడు మిగిలాయి. మా రాష్ట్రంలో ఒకటి, పక్క రాష్ట్రాల్లో రెండు. "ఈ మూడు చోట్ల నా మాట నడుస్తుంది," అన్నాడు. "తెలియని పది తలుపులు కొట్టే బదులు తెలిసిన మూడు కొట్టు."

జెరూషా నా వైపు చూసింది. "మన డాక్టరు చెప్పింది విను," అన్నాను.

ఇది పదేళ్ళ కిందటి మాట. మాది అలబామాలో ప్లెజెంట్ ఫోర్క్ అనే ఊరు. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు కలప మిల్లులో పనిచేశాను. చదువు ఎనిమిదో తరగతి. మా కౌంటీ మొత్తానికి డాక్టరు ఒక్కడే, కార్ల్టన్ మేబ్రీ. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. ఇక్కడ పుట్టినవాడే. చదువుకుని తిరిగొచ్చినవాడు అతనొక్కడే. క్లినిక్ తెరిచినప్పుడు మా చర్చి ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ఆ నేల కడిగారు. రెండేళ్ళు ప్రతి ఆదివారం విలోడీన్ అతనికి అన్నం పెట్టింది. ఆ తర్వాత ఆమెకి షుగరు ముదిరి మూత్రపిండాలు పోతే, చివరిదాకా చూసింది అతనే. అది కాదనను.

విలోడీన్ పోయినప్పుడు జెరూషా కాలేజీలో రెండో ఏడు. డాక్టరు అవుతానని అప్పుడే చెప్పింది. మేబ్రీ ఆమెని క్లినిక్‌కి రమ్మన్నాడు. మొదట సెలవుల్లో. డిగ్రీ అయ్యాక రోజూ. వేళ్ళు గుచ్చి షుగరు చూడడం, రక్తపోటు చూడడం, ఫైళ్ళు తీయడం, ముసలివాళ్ళకి మందు ఎప్పుడు వేసుకోవాలో చీటీ రాసివ్వడం. దాన్ని నేర్చుకోవడం అన్నారు. ఒక ఆదివారం చర్చిలో ఆమెని పక్కన నిలబెట్టి, భుజం మీద చెయ్యి వేసి, "వైద్యంలో ఈమె నా కూతురు," అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను.

మెడికల్ కాలేజీకి అర్జీ పెట్టాలంటే ఒక డాక్టరు సిఫారసు ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరంతో పాటు ఇంకో కాగితం ఉంటుంది. ఆ ఉత్తరాన్ని చూసే హక్కు నేను వదులుకుంటున్నాను అని పిల్ల సంతకం పెట్టాలి. పెట్టకపోయినా ఫరవాలేదట. కానీ పెడితేనే కాలేజీవాళ్ళు ఉత్తరాన్ని నమ్ముతారట.

మా ఇంట్లో ఒక నియమం ఉంది. చదవని కాగితం మీద సంతకం పెట్టం. మా తాత ఒకసారి అలా వేలిముద్ర వేస్తే నలభై ఎకరాల పైన్ చెట్లు పోయాయి. మా నాన్న మాకు పేరు రాయడం నేర్పకముందే ఆ సంగతి చెప్పాడు. జెరూషాకి నేను చెప్పాను.

ఆమె ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "ఏం చేయను నాన్నా? చూడకుండా వదిలేయనా?"

ఆ నియమం తెల్లవాళ్ళ కాగితాల కోసం పెట్టుకున్నది. మనవాడి కాగితానికి పనికొస్తుందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

"పెట్టు. ఆయన మనవాడు," అన్నాను. ఆ మాట నాది. ఇంకొకరి మీద తోయను.

మొదటి ఏడు మూడు కాలేజీలూ కాదన్నాయి. మాట్లాడడానికి కూడా పిలవలేదు.

"మొదటిసారి అందరికీ అంతే," అన్నాడు మేబ్రీ. "ఇంకో ఏడు నా దగ్గర ఉండు. గట్టిపడతావు."

ఉంది. రెండో ఏడు అవే మూడు కాలేజీలు, అదే ఉత్తరం. అవే మూడు కాదన్నాయి. ఒక్కరూ పిలవలేదు.

జెరూషా మార్కులు తక్కువ కావు. నాకు ఆ లెక్కలు తెలియవు, కానీ ఆమె కాలేజీలో పాఠం చెప్పినవాళ్ళు చెప్పారు. మెడికల్ ప్రవేశ పరీక్ష మార్కులు మూడేళ్ళే చెల్లుతాయి. ఆ తర్వాత మళ్ళీ మొదటి నుంచి రాయాలి. మొదటిసారి ఆ పరీక్షకి ఆమె ఏడాదిన్నర చదివింది. తల్లి పోయిన గదిలో, ఖాళీ మంచం పక్కన కూర్చుని చదివింది. మిగిలింది ఒక్క ఏడే. ఆ ఏడు పోతే ఇంక పెట్టనని నాతో చెప్పింది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆ మూడు కాలేజీల్లో ఒకదానికి ఫోను చేసింది. నాలో ఏం లోపం ఉందో చెబితే సరిచేసుకుంటానని అడగడానికి. నాకూ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టింది. ఎత్తింది ఒక పెద్దావిడ. గొంతు వింటే మనవాళ్ళ మనిషే అని తెలిసిపోయింది.

"ఏ ఊరన్నావు తల్లీ?"

"ప్లెజెంట్ ఫోర్క్, మేడమ్."

"దేవుడా. అక్కడింకా మనుషులున్నారా? మా మేనత్తది అటువైపే. షైలో ఫోర్క్ చర్చి తెలుసా?"

"మాది ఆ చర్చే."

"అయితే నీకు పాడడం రాకపోయినా పాడిస్తారు. ఉండు, నీ ఫైలు చూస్తాను."

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది. తర్వాత ఎక్కడో తలుపు మూసిన చప్పుడు.

"చూడు తల్లీ. నేను నీకేమీ చెప్పలేదు. చెప్పానా?"

"లేదు మేడమ్."

"ఆ. నేను చెప్పని మాట ఏమిటంటే, నువ్వు నా కూతురివైతే, ఈసారి డాక్టరు ఉత్తరం ఇంకెవరి దగ్గరైనా తీసుకోమంటాను."

"మేడమ్, ఆయన మా..."

"ఎవరో నాకు తెలుసు. ఇంకెవరి దగ్గరైనా. నీ మార్కులతో మాకు పేచీ లేదు. ఎప్పుడూ లేదు. భోజనం చేశావా?"

"చేశాను మేడమ్."

"అబద్ధం. వెళ్ళి భోజనం చెయ్యి." పెట్టేసింది.

జెరూషా లేచి బయటికి వెళ్ళి నా ట్రక్కులో కూర్చుంది. ఎక్కడికీ పోలేదు. స్టీరింగు పట్టుకుని గంట కూర్చుంది. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. విలోడీన్ ఉంటే వెళ్ళి పక్కన కూర్చునేది. నాకు ఆ విద్య రాదు.

మా చర్చిలో తగువు తీర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరైనా తప్పు చేస్తే మొదట ఒంటరిగా వెళ్ళి అడగాలి. వినకపోతే ఇద్దరు సాక్షులతో వెళ్ళాలి. అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టాలి. కోర్టుకి పోకూడదు. పత్రికలకి పోకూడదు. నేను యాభై ఏళ్ళుగా ఆ చర్చి సభ్యుణ్ణి. పద్ధతి ప్రకారమే పోయాను.

సోమవారం ఉదయం క్లినిక్‌కి వెళ్ళాను. లోపలి గదిలో గోడకి ఒక పెద్ద ప్రకటన అతికించి ఉంది. పల్లెపిల్లల్ని డాక్టర్లుగా తయారుచేసే పథకమట. ప్రభుత్వం క్లినిక్‌కి సాయం ఇస్తుంది. దాని మీద ఫోటో మా అమ్మాయిది. మెడలో మేబ్రీ స్టెతస్కోపు.

"డాక్టరుగారూ," అన్నాను, "ఉత్తరంలో ఏం రాశారు?"

అబద్ధమాడతాడనుకున్నాను. ఆడి ఉంటే బాగుండేది.

"నిజం రాశాను బ్రదర్ హోసియా. కూర్చోండి."

"నిలబడే వింటాను."

"కష్టపడుతుందని రాశాను. నమ్మకస్తురాలని, రోగులకి ఇష్టమని రాశాను. ఇంకో ఏడో రెండేళ్ళో నా దగ్గర ఉంటే పూర్తిగా సిద్ధమవుతుందని రాశాను."

"రెండుసార్లూ అదే రాశారా?"

"అదే." కళ్ళజోడు తీసి తుడిచాడు. "సీట్లు ఎవరికివ్వాలో తేల్చే ఆ గదులు మీకు తెలియవు. నా మాట నడుస్తుందంటే ఎందుకు నడుస్తుంది? నేను తేలిగ్గా ఇవ్వను కనుక. ఒకప్పుడు ఒక కుర్రాడి గురించి ఆకాశానికెత్తి రాశాను. మనవాడే. రెండో ఏడు తప్పి ఇంటికొచ్చాడు. ఆ తర్వాత ఆరేళ్ళు నేను పంపిన ఒక్క పిల్లనీ వాళ్ళు పిలవలేదు. తెల్ల డాక్టరు పంపినవాడు తప్పితే వాడొక్కడే తప్పినట్టు. నేను పంపినవాడు తప్పితే కౌంటీ అంతా తప్పినట్టు."

"మా అమ్మాయి తప్పుతుందా?"

"తప్పదు."

"మరి?"

బల్ల మీద కాగితాలు సర్దాడు.

"మూడు కాలేజీలే ఎందుకు ఉంచారు? మిగతా పదకొండు ఎందుకు కొట్టేశారు?"

అప్పుడు తలుపు వైపు చెయ్యి చూపించాడు. "బయట ఎంతమంది ఉన్నారో చూశారా? ఇరవై ఇద్దరు. ఈ కౌంటీకి నర్సు ఎవరూ రారు. వచ్చినా మూడు నెలలుండరు. ఆ పిల్ల లేకపోతే ఈ తలుపు వారానికి రెండు రోజులే తీస్తాను. ఎవరు ముందు పోతారో మీరే చెప్పండి. మన చర్చి డీకన్ టార్వరా? ముసలి మదర్ గెయిన్సా?"

"అంటే నీ తలుపుకి మా అమ్మాయిని గొళ్ళెం చేశావు."

అప్పటిదాకా అతన్ని మీరు అనేవాణ్ణి. చిన్నవాడైనా, చదువుకున్నవాడని. ఆ పూట నుంచి అనలేదు. అతనూ గమనించాడు.

"విలోడీన్‌ని ఏడేళ్ళు చూశాను," అన్నాడు నెమ్మదిగా. "ఒక్కరోజు విసుక్కోలేదు."

"ఆమె పేరు ఎత్తకు," అని వచ్చేశాను.

ఇంటికొచ్చి జెరూషాకి ఉన్నదున్నట్టు చెప్పాను. రేపటి నుంచి వెళ్ళొద్దన్నాను. ఆమె లేచి గిన్నెలు కడిగింది. మర్నాడు పొద్దున్నే తయారై బయల్దేరింది.

"ఎక్కడికి?"

"క్లినిక్‌కి. రోగులేం చేశారు నాన్నా?"

సాక్షులుగా ఇద్దరిని అడిగాను. డీకన్ అమోస్ టార్వర్ చర్చి పెద్దల్లో ఒకడు, మిల్లులో నాతో పనిచేసినవాడు. చర్చి అంతా మదర్ అని పిలిచే ఎట్టా గెయిన్స్‌కి ఎనభై నాలుగేళ్ళు. తెల్లగౌను వేసుకుని ముందు వరుసలో కూర్చుంటుంది. పాస్టరు కూడా ఆమె వైపు చూశాకే ప్రసంగం ఆపుతాడు. ముగ్గురం నా ట్రక్కులో ఇరుక్కుని వెళ్ళాం.

"మనం సాక్ష్యానికి పోతున్నామా, కోళ్ళదొంగని పట్టడానికా?" అన్నాడు టార్వర్. "నీ మొహం చూస్తే తాడు తెచ్చుకోవాల్సింది."

"జరుగు అమోస్. నా గౌను నలుగుతోంది," అంది మదర్ గెయిన్స్.

"ఎక్కడికి జరగను మదర్? తలుపులోంచా?"

"ఎక్కడినుంచైనా సరే."

మేబ్రీ మమ్మల్ని చూడగానే లేచి వచ్చాడు. మదర్ గెయిన్స్‌ని చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూశాడు. "వాపు తగ్గలేదమ్మా. ఉప్పు మానలేదు కదూ?"

"మానాను."

"మీ అమ్మాయి వేరేగా చెప్పింది."

"అది చిన్నప్పటి నుంచీ అంతే. చాడీలు."

నేను వచ్చిన పని మొదలుపెట్టాను. కాలేజీలు, ఉత్తరం, రెండేళ్ళు, అన్నీ చెప్పాను. తలతిప్పి చూసేసరికి టార్వర్ చొక్కా చెయ్యి పైకి మడిచి ఉన్నాడు. మేబ్రీ అతని చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతున్నాడు.

"నూట డెబ్భై," అన్నాడు మేబ్రీ.

"అది ఎక్కువేనా డాక్?"

"సాక్షివి నువ్వు," అన్నాను టార్వర్‌తో.

"వింటున్నాలే హోసియా. చెవులకి పట్టీ కట్టలేదు కదా."

మదర్ గెయిన్స్ ఒక్కటే అడిగింది. "కార్ల్టన్, ఆ పిల్లకి అడ్డం పడ్డావా?"

"అడ్డం పడలేదమ్మా. కొన్నాళ్ళు ఆపాను."

ఆమె లేచి గౌను సర్దుకుంది. తిరిగొచ్చే దారిలో కిటికీలోంచి చూస్తూ, "వాడు తప్పు చేశాడు," అంది. "కానీ హోసియా, వాడికి కోపమొస్తే నేనెక్కడికి పోను? నాకు బండి లేదు. కళ్ళు సరిగ్గా కనపడవు."

"నిజమైతే చెప్పాలి కదా మదర్."

"నిజమే. నీ మోకాళ్ళు ఇంకా వంగుతున్నాయి కనుక నీకు తేలిక."

టార్వర్ చేతిలో కొత్త మందుల చీటీ ఉంది.

సంఘం మూడు నెలలకోసారి కూడుతుంది. జూన్ మొదటి శనివారం, మధ్యాహ్నం. ఆ నెలలోనే కాలేజీలకి కాగితాలు పెట్టాలి. చివరిసారి. కౌంటీలో ఇంకో డాక్టరు లేడు. బయటివాడి దగ్గర ఉత్తరం కావాలంటే అతని కింద ఏడాది పనిచేయాలి. ఆ ఏడాది మా దగ్గర లేదు. నా ఆలోచన ఒకటే. సంఘం ముందు మేబ్రీ తప్పు ఒప్పుకుంటే, సంఘమే అతని చేత సరైన ఉత్తరం రాయిస్తుంది. అలాంటివి ముందు జరిగాయి. పొలం గట్లు జరిపినవాళ్ళు, భార్యని కొట్టినవాళ్ళు, చర్చిలో ముందుండే బల్ల దగ్గర నిలబడి ఒప్పుకోవడం నేను చూశాను.

ముందు పైకప్పు సంగతి మాట్లాడారు. తర్వాత ఆరాధనకి వచ్చేవాళ్ళని కూర్చోబెట్టడానికి తలుపు దగ్గర నిలబడేవాళ్ళకి కొత్త చేతితొడుగులు. తర్వాత పాస్టరు నన్ను లేవమన్నాడు.

మాట్లాడడం నాకు అలవాటు లేదు. రాసుకోలేదు కూడా. జరిగింది వరసగా చెప్పాను. అరవలేదు. విశ్వాసులు విసనకర్రలు ఆపి విన్నారు. అతను రాశానని నాతో స్వయంగా ఒప్పుకున్నాడని చెప్పాను. సాక్షులున్నారని చెప్పాను.

"డీకన్ టార్వర్?" అన్నాడు పాస్టరు.

టార్వర్ లేచాడు. "నేను వెళ్ళిన మాట నిజమే పాస్టరుగారూ. కానీ అప్పుడు నాకు రక్తపోటు ఎక్కువగా ఉంది. అంతగా తలకెక్కలేదు."

కొందరు నవ్వారు. మదర్ గెయిన్స్ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. పాస్టరు ఆమెని అడగలేదు. ఆమె లేవలేదు.

"బ్రదర్ మేబ్రీ, ఏమంటారు?"

మేబ్రీ కూర్చున్నచోటనే అన్నాడు. "నేనేమీ అనను. ఆ అమ్మాయి ఇక్కడే ఉంది. నేను అన్యాయం చేశానో లేదో ఆమెనే అడగండి."

అంత ధైర్యం ఎక్కడిదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

జెరూషా వెనక వరుసలోంచి లేచింది. తల్లి నీలం గౌను వేసుకుంది. నా వైపు చూడలేదు.

"డాక్టర్ మేబ్రీ మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు," అంది. "నాకు వైద్యం అంటే ఏమిటో నేర్పింది ఆయన. మా నాన్న... అమ్మ పోయినప్పటి నుంచి నాన్న మనసు బాగాలేదు. అందరి మీదా కోపమొస్తోంది. ఆయన్ని తప్పు పట్టకండి."

"కాలేజీ నుంచి ఫోనులో ఏదో చెప్పారంటున్నాడు మీ నాన్న."

"భోజనం చేయమన్నారు," అంది జెరూషా.

చర్చి అంతా నవ్వింది. ఎగతాళిగా కాదు. జాలిగా. ముసలాడు, భార్య పోయింది, పాపం అన్నట్టు. నా పక్కనున్నావిడ నా చెయ్యి తట్టింది. ఆ చెయ్యి తీసేశాను.

బ్రదర్ హోసియా ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు రాసుకుందామని ఎవరో అన్నారు. టార్వర్ బలపరిచాడు. నేను వెనక్కి తీసుకోలేదు. అయినా రాసుకున్నారు.

తగువు తీరాక ఇద్దరూ అందరి ముందూ చెయ్యి కలపాలి. అదీ పద్ధతే. మేబ్రీ నడిచి వచ్చి చెయ్యి చాపాడు. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. అతను చాపిన చేత్తో అలాగే నిలబడ్డాడు. పాస్టరు నా పేరు రెండుసార్లు పిలిచాడు. పియానో దగ్గరున్నావిడ ఏదో పాట ఎత్తుకుంది. నేను బయటికి నడిచాను.

జెరూషా వచ్చి ట్రక్కెక్కింది. రెండు మైళ్ళు పోయాం.

"గురువారం ఆయనతో మాట్లాడాను," అంది.

"ఏమని?"

"కొత్త ఉత్తరం రాయాలన్నాను. పద్నాలుగు కాలేజీలకీ వెళ్ళాలన్నాను. పంపేముందు నాకు చూపించాలన్నాను. ఈ సంగతి సంఘంలో నేను లేవనెత్తనన్నాను."

"అతను అడిగాడా, నువ్వే అన్నావా?"

"నేనే అన్నాను."

"నాతో చెప్పలేదేం?"

"చెబితే నువ్వు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలేదు."

ట్రక్కు పక్కకి ఆపాను. నడపలేకపోయాను. "సంఘంలో లేవనంటే సరే. ఊరుకుని కూర్చోవచ్చు కదా. నన్ను పిచ్చివాణ్ణి చేశావు. మీ అమ్మ చావుని అడ్డం పెట్టి చేశావు."

"ఊరుకుంటే వాళ్ళు నిన్ను నమ్మేవాళ్ళు. నిన్ను నమ్మితే ఆయన ఆ ఉత్తరం పంపడు." నా వైపు తిరిగింది. "ఉత్తరం నిన్న వెళ్ళింది నాన్నా, పద్నాలుగింటికీ. కానీ సంఘం తప్పు పడితే ఆయన ఒక్క ఫోనుతో వెనక్కి తీసుకోగలడు. నాకు ఈ ఒక్క ఏడే ఉంది."

"ఏం రాశాడు?"

"ముప్ఫై ఏళ్ళలో ఇలాంటి పిల్లని చూడలేదని రాశాడు. నా కూతురికి జబ్బు చేస్తే ఈ పిల్ల చేతిలో పెడతానని రాశాడు."

"రెండిట్లో ఏది నిజం? అప్పుడు రాసిందా, ఇప్పుడు రాసిందా?"

"వాళ్ళకి అందినదే నిజం."

సంచిలోంచి కాగితం తీసి నాకు ఇవ్వబోయింది. "చదువు నాన్నా. ఒక్కసారి."

చదవలేదు. బండి కదిలించాను.

అయిదు కాలేజీలు పిలిచాయి. రెండు సీటిచ్చాయి. ఒకటి మా రాష్ట్రంలోదే, మూడు గంటల దూరం. మేబ్రీ మాట నడిచే చోటు. రెండోది ఉత్తరాన, విమానంలో వెళ్ళాల్సిన ఊరు. చలి అని అతను కొట్టేసినది. జెరూషా ఉత్తరానిది తీసుకుంది. ఎందుకని అడిగితే, "అక్కడ ఆయన్ని ఎవరూ ఎరగరు," అంది. ఆ ఏడంతా ఆమె మాటల్లో నాకు నచ్చింది అదొక్కటే.

ఆమె మరుసటి ఏడు జులైలో వెళ్ళింది. క్లినిక్ అప్పటి నుంచి వారానికి రెండు రోజులే తీస్తున్నారు. అంగడి దగ్గర టార్వర్ కనిపించి, "నీ కూతురికి సీటొచ్చింది, మాకు సగం డాక్టరు పోయాడు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. మదర్ గెయిన్స్ ఆ చలికాలం పోయింది. కాళ్ళ వాపు గుండెకెక్కింది. అందుకు నన్నే అన్నవాళ్ళున్నారు. సమాధి దగ్గరికి వెళ్ళాను, చర్చి లోపలికి వెళ్ళలేదు. నా రక్తపోటు మందుకి అరవై మైళ్ళు నడుపుకుంటూ మాంట్‌గమరీ పోతాను. అక్కడ చూసేది ఒక తెల్ల కుర్రాడు. నా పేరు కూడా సరిగ్గా పలకడు. అతని దగ్గర నాకే ఆశా లేదు, అందుకని బాధా లేదు.

మెడికల్ కాలేజీలో మొదటి ఏడు మొదట్లో వాళ్ళకి తెల్లకోటు తొడిగే వేడుక ఉంటుంది. ఇంట్లోవాళ్ళో, నేర్పినవాళ్ళో వేదిక ఎక్కి తొడుగుతారు. రమ్మని జెరూషా ఫోను చేసింది. టిక్కెట్టు పంపుతానంది.

"మేబ్రీని పిలిచావా?"

"పిలిచాను. ఉత్తరం ఆయనది నాన్నా."

"అయితే అతనే తొడుగుతాడు," అన్నాను.

నేను వెళ్ళలేదు. మేబ్రీ కూడా వెళ్ళలేదని తర్వాత తెలిసింది. ఆ రోజు క్లినిక్ తీసిన రోజట. తలుపు దగ్గర రోగుల్ని చూసుకునేవాళ్ళు ఎవరూ లేరట.

ఆదివారం సాయంత్రం ఫోను చేసింది.

"ఎవరు తొడిగారు?" అని అడిగాను.

"ఎవరో ప్రొఫెసరు. ఎవరూ రానివాళ్ళకి ఆవిడే తొడిగింది. పేరు అడగలేదు."

"సరిపోయిందా?"

"భుజాల దగ్గర వదులు."

"వేరేది అడుగు."

"అడిగాను. వారం పడుతుందట."

ఫోనులో ఎవరో నడుస్తున్న చప్పుడు, ఎవరో నవ్వుతున్న చప్పుడు. ఆమె ఎదురుచూస్తోందని తెలుసు.

"ఇంకేమైనా చెప్తావా నాన్నా?" అంది.

లేదన్నాను. ఆమె ఇంకాసేపు పట్టుకుని, తర్వాత పెట్టేసింది.